హీరో గారి తొడ కొలత

మనిషి పరువు ప్యాంటులో ఉంటుందని మీకు తెలుసా? తెలిసి ఉండదు. మీకు వేరే పనులుంటాయి. నాకు మాత్రం ఇరవై రెండేళ్ల వయసులో, ఫిల్మ్‌నగర్ గుట్ట మీద, ఉదయం తొమ్మిదిన్నరకి, డెబ్భై మంది చూస్తుండగా ఆ జ్ఞానం కలిగింది. ఒక్క పూటలో మూడు పరువులు వీధిన పడ్డాయి. ఒకటి హీరోది, ఒకటి మా టైలర్ మాస్టారిది, ఒకటి నాది. నాది చిన్నది కాబట్టి వదిలేసినా, మిగతా రెండూ పెద్దవే. తుపాను వచ్చేముందు కనీసం గాలి మారుతుంది. నేను ఏ సూచనా లేకుండా వచ్చాను.

అప్పటికి నేను భీమవరం నుంచి దిగి మూడు నెలలైంది. చేతిలో ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా, దాంతోపాటు కాలేజీ వాళ్లిచ్చిన కొలతల చార్టు. మగవాళ్లకి ఒక పట్టిక, ఆడవాళ్లకి ఒక పట్టిక. నడుము ఇంతైతే తొడ ఇంత, తొడ ఇంతైతే పిక్క ఇంత. దేవుడు మనుషుల్ని ఆ చార్టు ముందు పెట్టుకునే తయారు చేస్తాడని నా నమ్మకం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిప్లొమా ఇంకా ఘోరం, ఎదురుగా నిలబడ్డ మనిషినే ఎరగదు.

యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉంటూ యాదగిరి మాస్టారి దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఆయనది సిద్దిపేట వైపు. ముప్పై ఏళ్లుగా సినిమాలకి బట్టలు కుడుతున్నారు. ఆయన ఆస్తి ఒక అట్ట చిరిగిన పుస్తకం, ఒక టేపు, చెవి వెనక ఒక పెన్సిలు. చేరిన మొదటి వారమే ఉత్సాహంగా అడిగాను.

"మాస్టారూ, ఈ చార్టు గోడకి అంటిద్దామా?"

"అంటియ్యి బిడ్డా. గోడకు బాగుంటది."

అది పొగడ్త అనుకున్నాను. అప్పట్లో నాకు చాలా విషయాలు పొగడ్తల్లా వినిపించేవి.

మేం పనిచేస్తున్న సినిమాలో హీరో హీరోయిన్లిద్దరూ కమాండో శిక్షణలో ఉంటారు. ఇద్దరికీ ఒకే ఆకుపచ్చ బట్టతో ఒంటికి అతుక్కునే ప్యాంట్లు కుట్టాలి. హీరో పేరు రణధీర్. ఛాతీ చూస్తే బీరువా తలుపు. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ సినిమాలో ఆయన తొడ కొడతారు. తెలుగు సినిమాలో తొడ మామూలు అవయవం కాదని మీకు నేను చెప్పాలా? హీరో తొడ కొడితే దుమ్ము లేస్తుంది, జీపులు లేస్తాయి, చివరికి బాల్కనీలో కూర్చున్నవాళ్లు కూడా లేస్తారు. అంత పని చేసే తొడ ఎంత ఉండాలి? నా ఊహలో అది రోలంత ఉండేది.

షూటింగ్‌కి మూడు రోజుల ముందు మాస్టారు తమ్ముడి కూతురి పెళ్లికి ఊరికి బయల్దేరారు. వెళ్తూ పుస్తకం నా చేతిలో పెట్టారు.

"ఇద్దరి కొలతలు ఒక్క పేజీలనే ఉన్నయి. ఉన్నది ఉన్నట్టు కొయ్యి. నీ తెలివి జర పక్కకు పెట్టు."

పుస్తకం తెరిచాను. హీరో గడిలో నడుము ముప్పై మూడు, తొడ ఇరవైన్నర. హీరోయిన్ చంద్రిక గడిలో నడుము ఇరవై ఎనిమిది, కుడి తొడ ఇరవై మూడున్నర, ఎడమ తొడ ఇరవై రెండున్నర. నాకు నవ్వాగలేదు.

పక్కన మిషన్ మీద అంజమ్మక్క కుడుతోంది. రహమత్ నగర్ నుంచి రోజూ నడిచి వచ్చేది.

"అక్కా, మాస్టారికి కళ్లజోడు మార్చే టైమొచ్చింది," అన్నాను.

"ఎందుకమ్మా?"

"హీరో తొడ కన్నా హీరోయిన్ తొడ మూడంగుళాలు ఎక్కువని రాశారు. పైగా ఆవిడకి కుడి ఒకటి, ఎడమ ఒకటి. రెండు కాళ్లూ ఒకరివేగా! తేడా ఎలా వస్తుంది?"

"మాస్టర్‌కు ఒక్క ఫోన్ కొట్టరాదు?"

"పెళ్లిలో ఉన్న పెద్దమనిషిని తొడల గురించి అడుగుతామా అక్కా?"

అంజమ్మక్క దారం కొరికి తెంపింది. "మా ఆయన ఆటో నడుపుతడు. ఆయన కాళ్లు నా కాళ్ల కన్న సన్నగుంటయి. నేను నీళ్ల బిందె పట్టుకొని రోజుకు ఎన్నిసార్లు మెట్లెక్కుతనో నాకే తెల్వది."

"అది వేరక్కా. ఈయన హీరో."

"హీరో అయితే ఏంది? అందరివీ కాళ్లే కదా," అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

తొక్కే కాళ్లు నా కళ్లెదుటే ఉన్నాయి. నేను గోడ మీది చార్టు చూశాను.

నడుములూ పొడవులూ అలాగే ఉంచి, తొడలు, పిక్కలు మాత్రం తారుమారు చేశాను. హీరోకి ఇరవై మూడున్నర. హీరోయిన్‌కి రెండు కాళ్లకీ సమానంగా ఇరవైన్నర. అప్పుడన్నీ చార్టుకి ముచ్చటగా సరిపోయాయి. ఫైట్లలో బట్టలు చిరుగుతాయి కాబట్టి ఒక్కొక్కరికి ఆరేసి, మొత్తం పన్నెండు ప్యాంట్లు కోయించి, కుట్టించి, ఇస్త్రీ చేయించాను. ఆ సాయంత్రం నాకు కలిగినంత తృప్తి మళ్లీ ఎప్పుడూ కలగలేదు. కలగకూడదు కూడా.

షూటింగ్ రోజు వచ్చింది. మాస్టారు మధ్యాహ్నానికి వస్తానని కబురు పెట్టారు. ఫిల్మ్‌నగర్ వెనక బండల మీద సెట్టు వేశారు. కింద రెండు క్యారవాన్లు. హీరో ప్యాంటు ఆయన మేనేజర్ చలపతి గారి చేతికిచ్చి, నేను చంద్రిక గారి క్యారవాన్‌లోకి వెళ్లాను.

ప్యాంటు మోకాలు దాటింది. దాటి, ఇంకో రెండంగుళాలు ఎక్కి, ఆగిపోయింది.

"పైకి వస్తలేదు," అంది చంద్రిక.

"కొత్త బట్ట కదా మేడం, కాస్త లాగండి."

"లాగుతున్న."

"కొంచెం ఎగరండి మేడం."

ఎగిరింది. క్యారవాన్ కదిలింది. ప్యాంటు కదల్లేదు.

"ఊపిరి బిగబట్టి చూడండి."

ఆవిడ ఎగరడం ఆపి నన్ను కాసేపు పరిశీలించింది. "ఊపిరి కడుపుల ఉంటది కదా. నీకు తొడల ఉంటదా?"

తనదాకా వస్తేగానీ తెలియదంటారు. నాకు ప్యాంటు తొడదాకా వచ్చాక తెలియడం మొదలైంది.

"నా కొలతలు మాస్టర్ మంచిగనే తీసుకున్నడు. గిట్లెట్లయింది?" అని అడిగింది.

"మాస్టారు పొరపాటున మీ కొలత హీరో గారికీ, ఆయనది మీకూ రాసేశారు మేడం. నేను సరిచేశాను."

"సరిచేసినవా?"

"సరిచేశాను."

ఆవిడ వంగి, మోకాళ్ల పైన ఇరుక్కున్న ప్యాంటుని చూసుకుంది. "బాగనే చేసినవ్."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. ప్యాంటు కిందికి లాగేసి, ట్రాక్ ప్యాంటు తొడుక్కుంటూ, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆవిడది కరీంనగర్. సినిమాల్లోకి రాకముందు ఎనిమిదేళ్లు సైకిల్ పందేల్లో తొక్కింది. ఇప్పటికీ రోజూ తెల్లవారకముందే జూబ్లీహిల్స్ ఎత్తులన్నీ తొక్కి వస్తుంది.

"మరి ఎడమ కాలు?" అన్నాను.

"మోకాలుకు దెబ్బ తాకి ఆరు వారాలు కట్టుల ఉన్న. కట్టు విప్పి చూస్తే కాలు కట్టెపుల్ల లెక్కయింది. వాడకపోతే కండ ఉంటదా? తొక్కంగ తొక్కంగ చానా మట్టుకు వచ్చింది. ఆ ఒక్క అంగుళం ఇంక రాలే."

అంటే మాస్టారు రాసింది అక్షరాలా నిజం. అంటే హీరో తొడ కూడా నిజంగానే... బట్ట కత్తిరించాక టేపు పట్టుకున్నట్టు, అప్పుడు పరిగెత్తాను.

ఆలస్యమైపోయింది. హీరో బండ మీద నిలబడి ఉన్నారు. గుట్ట మీద గాలి బాగా వీస్తోంది. నడుము దగ్గర ప్యాంటు చక్కగా ఉంది. అక్కడి నుంచి కిందికి రెండు జెండాలు ఎగురుతున్నాయి. డైరెక్టర్ గారు రిహార్సల్ అన్నారు. హీరో చెయ్యెత్తి తొడ కొట్టారు. చప్పుడు రాలేదు. చెయ్యి బట్టలోకి వెళ్లింది, తొడ కోసం కాస్త వెతుక్కుంది, తిరిగి వచ్చింది.

"ఏంటండీ ఇది? లుంగీకి జిప్పు పెట్టారా?" అన్నారు డైరెక్టర్ గారు.

ఫైట్ మాస్టర్ కొండల్ గారు చుట్టూ తిరిగి చూశారు. "సారూ, లోపల ఇంకొకరికి జాగ ఉన్నది."

హీరో ముఖం గట్టిపడింది. "ఎవరు కుట్టింది?"

"యాదగిరి మాస్టర్ సార్," అన్నారు చలపతి గారు. "ముసలాయనకి చూపు మందగించినట్టుంది. రేపట్నుంచి వేరే వాళ్లని పెడదాం. ఆయన్ని ఇక చాలనేద్దాం."

ముప్పై ఏళ్లుగా కుడుతున్న మనిషిని మూడు మాటల్లో తీసేస్తున్నారు. అక్కడ పెళ్లిలో ఆయన నిశ్చింతగా పులిహోర వడ్డిస్తూ ఉంటారు. చెప్పాలి. నిజం చెప్పాలి. నిజం చెప్పడానికి ఎన్నో మర్యాదైన పద్ధతులున్నాయి. పక్కకి పిలిచి చెప్పొచ్చు, చీటీ రాసివ్వొచ్చు, మేనేజర్ చెవిలో వేయొచ్చు. నేను ఒక బండ ఎక్కి అరిచాను.

"మాస్టారు కరెక్టుగానే రాశారండీ! తప్పు నాది! సార్ తొడ ఇరవైన్నరే! మేడంది ఇరవై మూడున్నర! సార్‌ది మేడం కన్నా మూడంగుళాలు తక్కువంటే నేను నమ్మలేకపోయాను! హీరో కదా అని మార్చేశాను!"

గుట్ట మీద గాలి కూడా ఆగింది. లైట్ బాయ్స్ తల తిప్పారు. టీ పోస్తున్నతను గ్లాసు నిండి పొంగిపోతున్నా పోస్తూనే ఉన్నాడు. వెనక నుంచి ఎవరో మెల్లగా "ఎంత తక్కువ?" అని అడిగారు.

"మూడంగుళాలు," అని నేను బుద్ధిగా మళ్లీ చెప్పాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడని పెద్దలన్నారు గానీ, ఆ తన్నే కాలి చుట్టుకొలత ఎంతో బయటికి చెప్పొద్దని ఒక్క పెద్దయినా అని ఉంటే బాగుండేది.

హీరో నా వైపు కాకుండా కొండల్ గారి వైపు తిరిగారు. "లావుంటే బలమున్నట్టేనా మాస్టర్?"

"కాదు సారూ. లావు వేరే, బలం వేరే. సన్నగున్నోనికి కూడ జోరు ఉంటది. చూస్తెగాని తెల్వది."

"ఎలా చూస్తారు?"

"గుంజీలు."

"సార్ గుంజీలు తీయడమేంటండీ!" అన్నారు చలపతి గారు కంగారుగా.

అప్పటికే ట్రాక్ ప్యాంటులో చంద్రిక వచ్చి నిలబడింది. "నేను రెడీ సర్," అంది, ఏమీ ఎరగనట్టు. డెబ్భై మంది ముందు హీరో వద్దనలేకపోయారు. జెండాలు విప్పేసి, నిక్కరు వేసుకుని వచ్చారు. ఆ కాళ్లని చూశాక నాకు మాస్టారి మీద గౌరవం పెరిగింది. పావు అంగుళం కూడా తేడా లేకుండా రాశారు. అంకెలతో నా సంబంధం ఎలాంటిదో అప్పటికే లోకానికి తెలిసినా, లెక్కపెట్టే పని నాకే అప్పగించారు.

ఇరవై దాకా హీరో నవ్వుతూ తీశారు. ముప్పై దాకా నవ్వకుండా తీశారు. నలభై దగ్గర తొడలు వణకడం మొదలైంది. యాభై రెండు దగ్గర ఆగి, ఆకాశం చూసి, "లైట్ పోతోందేమో చూడండి డైరెక్టర్ గారూ," అన్నారు. టైము పది.

చంద్రిక వంద తీసింది. ఎనభై దగ్గర టిఫినేంటని అడిగింది. ఉప్మా అని తెలిసి కొంచెం నిరుత్సాహపడింది గానీ వేగం తగ్గలేదు.

హీరో బండ మీద కూలబడి తొడలు నొక్కుకుంటూ అడిగారు. "మగవాళ్లకే బలం ఎక్కువంటారు కదా మాస్టర్?"

"ఎక్కువమందిల ఎక్కువనే సారూ. మగోళ్ల ఒళ్లు పెద్దది, కండ ఎక్కువ. కాని ఆ తేడా భుజాలల్ల కనబడ్డంత కాళ్లల్ల కనబడది. ఎవరి బరువు వాళ్ల కాళ్లే మొయ్యాలె కదా. పుట్టుకతోటి కొంత వస్తది, తిండితోటి కొంత వస్తది. మిగిలిందంత పనితోటే. ఇన్నేండ్ల సంది మీరు కాళ్లతోటి ఏం పని చేయించిన్రు?"

హీరో నిజాయితీగా ఆలోచించారు. "నడిచాను."

"యాడిదాక?"

"క్యారవాన్ దాకా," అన్నారు, తలొంచుకుని.

మధ్యాహ్నం మాస్టారు పెళ్లి లడ్డూల సంచితో దిగారు. అంజమ్మక్క ఫోన్లో అంతా చెప్పేసినట్టుంది. ఆయన ఒక్క అరుపు కూడా అరవలేదు. నా పక్కన కూర్చుని, ప్యాంటు కుట్టు విప్పుతూ అడిగారు.

"నేను రాసింది తప్పని నీకు ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"చార్టు చెప్పింది మాస్టారూ."

"చార్టు ప్యాంటు తొడుక్కుంటదా?"

నేనూ ఒక ప్యాంటు తీసుకుని కుట్టు విప్పడం మొదలుపెట్టాను.

హీరో ప్యాంట్లు లోపలికి పట్టేశారు. చంద్రిక ప్యాంట్లలో వదులు చేయడానికి బట్ట మిగల్లేదు కాబట్టి, రెండు పక్కలా విప్పి నిలువునా నల్లటి పట్టీ కలిపారు. కుడికి వెడల్పు ఎక్కువ, ఎడమకి తక్కువ. సాయంత్రం నాలుగింటికి ఆవిడ వేసుకొస్తే డైరెక్టర్ గారు "భలే ఉందే!" అన్నారు. హీరో అది చూశారు.

"నాకెందుకు లేదు పట్టీ?"

"మీకు అవసరం లేదు సార్," అన్నాను నేను, సాయం చేద్దామని.

మాస్టారు నా కాలు తొక్కారు. ఆరు ప్యాంట్లకీ పట్టీ వేశాం.

మర్నాడు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగ్. హీరో మెట్లు దిగుతూ రావాలి. అంతే సీను. యాభై రెండు గుంజీల ప్రభావం ఒక రాత్రి గడిచాక ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆయన రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దేవుణ్ణి తలుచుకుంటూ దిగారు. ఎండ్రకాయ కూడా అంతకన్నా సూటిగా నడుస్తుంది. ఆ సీను వారం తర్వాతకి వాయిదా పడింది. దానికి కారణం ఎవరని ప్రొడక్షన్ వాళ్లు అడిగితే, అందరూ ఒకే వేలితో చూపించినట్టు నన్ను చూపించారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం హీరో ఒక్కరే మా కుట్టు షెడ్డుకి వచ్చారు. చలపతి గారు కూడా లేరు. నా ఉద్యోగం ఆ క్షణంతో సరి అనుకుని లేచి నిలబడ్డాను.

"ఆ పుస్తకం ఒకసారి చూపించమ్మా," అన్నారు.

చూపించాను. ఆ పేజీ చాలాసేపు చూశారు.

"పద్నాలుగేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. ఛాతీ, భుజాలు, చేతులు. కెమెరా ఎప్పుడూ నడుం దగ్గరే ఆగేది. నేనూ అక్కడే ఆగిపోయాను." పుస్తకం మూసి ఇచ్చేశారు. "ఇన్నాళ్లూ ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"చెప్పేవాళ్లు నాలా బండ ఎక్కి అరవరు కదా సార్," అన్నాను.

ఆయన నవ్వారు. మనిషి మంచివాడు. కాళ్ల సంగతి పక్కన పెడితే.

తర్వాత తెలిసింది, చంద్రిక వ్యాయామం చేసేచోటికే ఆయనా వెళ్లడం మొదలుపెట్టారట. ఆవిడ ఎన్ని బరువులు ఎత్తమంటే అన్ని, ఎన్ని గుడ్లు తినమంటే అన్ని. మాకెవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు గడిచాయి. ఆఖరి షెడ్యూలు వచ్చింది. అవే ప్యాంట్లు తీశాం. కొలతలు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నేను ఒక్క అంకె ముట్టుకోలేదు. ఆ విషయంలో గర్వంగా కూడా ఉన్నాను.

హీరో బండ వెనక గొంతుక్కూర్చోవాలి. కూర్చున్నారు. చర్ర్‌మని చప్పుడైంది. ప్యాంటు కుడి కాలు మోకాలి నుంచి నడుము దాకా రెండుగా విడిపోయింది.

యూనిట్ అంతా నా వైపు తిరిగింది.

"నేనేం మార్చలేదండీ! ఈసారి నిజంగా ఏం మార్చలేదు!" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

హీరో మాత్రం లేచి, ఆ చిరుగులోకి తొంగిచూసి, లాటరీ తగిలినవాడిలా నవ్వారు. "చిరిగిందా? నిజంగానే చిరిగిందా? కొలవమ్మా, కొలువు! గట్టిగా చెప్పు, అందరికీ వినబడాలి!"

టేపు తొడ చుట్టూ తిప్పాను. "ఇరవై రెండు సార్!"

చప్పట్లు మోగాయి. మాస్టారు మాత్రం కొట్టలేదు. రేపు పొద్దుటికి ఆరు ప్యాంట్లు కొత్తగా కుట్టాలని ఆయన అప్పటికే మనసులో బట్ట పరుచుకుంటున్నారు. హీరో ఛాతీ విరుచుకుని, పక్కనే ఉన్న చంద్రికని చూసి, నన్ను అడిగారు.

"మరి మేడంది?"

ఎడమ కాలు బిగుతుగా ఉందంటే ఆ ఉదయమే ఆవిడని కొలిచాను. కుడి ఇరవై నాలుగు. ఎడమ ఇరవై మూడున్నర. డెబ్భై మంది వింటున్నారు. నోరు తెరిచాను. తెరిచి, జీవితంలో మొదటిసారి, ఒక్క క్షణం ఆగాను.

"టేపు ఒక్కటే ఉంది సార్. అది మీ తొడ చుట్టూ ఉంది."

ఇప్పుడు నాకు సొంత యూనిట్ ఉంది, నా కింద ఎనిమిది మంది ఉన్నారు, కాబట్టి ఈ ప్రమాణానికి కాస్తో కూస్తో విలువుంటుంది. కత్తెర మీద చెయ్యిపెట్టి, వేళ్లు తెగకుండా జాగ్రత్తపడుతూ చెబుతున్నాను: ఆడైనా మగైనా, హీరోయైనా టీ పోసే మనిషైనా, ఏ కాలు ఎంతుండాలో ఈ జన్మలో నేను నిర్ణయించను. కొలిచింది రాస్తాను, రాసింది కోస్తాను. కొలతలు చెప్పడానికి మాత్రం, ప్రాణం పోయినా సరే, బండ ఎక్కను.